టెస్లా మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

షికాగో శివార్లలో టెస్లా మోడల్ వై ఎలక్ట్రిక్ కారు నడపడం నాకిది ఐదో శీతాకాలం. "కొనవచ్చా?" అని అడిగేవాళ్లకు మొదట్లో లాభాలకొక జాబితా, నష్టాలకొక జాబితా చెప్పేవాణ్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను. ఏ గుణం చూసి ఈ కారును మెచ్చుకుంటామో, తలనొప్పి కూడా దాని వెనకాలే వస్తుంది. ఇంజను లేదు కాబట్టి ఆయిలు మార్చే పని లేదు. ఇంజను లేదు కాబట్టే చలిలో ఊరికే వచ్చే వేడి కూడా లేదు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో తరచూ వినిపించే ఫిర్యాదులను ఆ దృష్టితోనే కింద రాస్తున్నాను. వీటిలో చాలావాటికి సర్వీసు సెంటరు గడప తొక్కనక్కర్లేదు.

చలికాలంలో 300 మైళ్లు 200 అయ్యాయి

పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో దాదాపు మూడింట రెండు వంతులు వేడిగా వృథా చేస్తుంది. మన హీటరు నడిచేది ఆ వృథా మీదే. ఎలక్ట్రిక్ మోటారు అంత దుబారా మనిషి కాదు. అందుకే కారు లోపల వెచ్చగా ఉండాలంటే, నడవడానికి దాచుకున్న బ్యాటరీలోంచే ఖర్చు పెట్టాలి. పైగా చల్లబడిన బ్యాటరీలో రసాయన చర్యలు మందగిస్తాయి. స్క్రీన్ మీద నీలిరంగు మంచుపువ్వు కనిపిస్తే దాని అర్థం అదే: ఛార్జి ఉంది, కానీ వేడెక్కేదాకా అందులో కొంత చేతికి రాదు.

2020లో వచ్చిన మోడల్ వైలో మొదటి నుంచీ, టెస్లావాళ్ల మరో కారు మోడల్ 3లో 2021 నమూనా నుంచీ హీట్ పంపు ఉంది. బయటి చల్లగాలిలో మిగిలిన కొద్దిపాటి వేడిని కూడా అది లోపలికి తోడుతుంది. అంతకు ముందరి మోడల్ 3లో ఉన్నది మన ఇంటి కరెంటు హీటరు లాంటిదే. వాడిన కారు కొనేవాళ్లు తిరిగిన మైళ్ల కంటే ముందు ఇది చూసుకోవాలి.

ఏం చేయాలంటే, బయలుదేరడానికి అరగంట ముందు, కారు ఇంకా ప్లగ్గుకు ఉండగానే ఫోనులోంచి లోపలి వేడి ఆన్ చేయండి. ఆ కరెంటు గోడలోంచి వస్తుంది, బ్యాటరీలోంచి కాదు. రోజూ ఒకే వేళకు వెళ్లేవాళ్లు షెడ్యూలు పెట్టుకుంటే మరచిపోయే ప్రమాదం ఉండదు. గాలి వేడి నాలుగు డిగ్రీలు తగ్గించి సీటు హీటరు వేసుకుంటే శరీరానికి తేడా తెలియదు, బ్యాటరీకి తెలుస్తుంది. పనులన్నీ ఒకే ట్రిప్పులో ముగించండి. పది నిమిషాల ప్రయాణాలు నాలుగు చేస్తే నాలుగుసార్లు మొదటి నుంచి వేడెక్కించాలి.

ఇంకో మాట. బ్యాటరీ గుర్తు పక్కన మైళ్లు తీసేసి శాతం పెట్టుకోండి. అక్కడ కనిపించే మైళ్లు ప్రభుత్వ పరీక్షలో వచ్చిన లెక్కతో వేసినవి. నిన్న మీరు ఎదురుగాలిలో గంటకు 80 మైళ్ల వేగంతో వెళ్లిన సంగతి ఆ అంకెకు పట్టదు. నిజం తెలియాలంటే ఎనర్జీ పేజీ తెరవాలి.

2024 జనవరిలో మా ప్రాంతంలో చలి సున్నా ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగినప్పుడు, ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర ఆగిపోయిన టెస్లాల వరుసలు దేశమంతటా వార్తలకెక్కాయి. గడ్డకట్టిన బ్యాటరీతో వచ్చిన కారు ముందు వేడెక్కాలి, ఆ తర్వాతే కరెంటు తీసుకుంటుంది. అందాకా వెనకున్నవాళ్లు హీటరు వేసుకుని ఎదురుచూస్తూ ఉన్న ఛార్జి కూడా పోగొట్టుకున్నారు. నార్వేలో అంతకంటే తక్కువ చలేమీ ఉండదు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది వరకూ ఎలక్ట్రిక్‌వే. అక్కడ ఎక్కువమంది రాత్రి ఇంట్లోనే ఛార్జి చేసుకుంటారు. నా ఉద్దేశంలో ఈ కారు కొనాలా వద్దా అన్న ప్రశ్నలో సగం, మీకు గ్యారేజీలో ప్లగ్గు ఉందా లేదా అన్న ప్రశ్నే. అపార్ట్‌మెంటులో ఉంటూ పూర్తిగా బయటి ఛార్జింగ్ మీద ఆధారపడేవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

నిలిపి ఉంచిన కారులో ఛార్జి కరిగిపోతోంది

ఇది నా సొంత నిర్వాకం. డిసెంబరులో 24 రోజులకు విజయవాడ వెళ్తూ, ఎయిర్‌పోర్టు పార్కింగులో 70 శాతంతో కారు వదిలాను. తిరిగి వచ్చేసరికి 9 శాతం. ఇల్లు చేరేదాకా హీటరు వేయలేదు. వెనక సీట్లో పిల్లలు కోట్ల మీద దుప్పటి కప్పుకుని నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

కారణం కూర్చుని లెక్కవేస్తే తేలింది. చుట్టూ కెమెరాలతో కాపలా కాసే సెంట్రీ మోడ్ ఆపడం మరిచాను. అది గంటకు సుమారు ఒక మైలుకు సరిపడా ఛార్జి తింటుంది, అంటే రోజుకు 24 మైళ్లు. నా కారులో అది ఏడెనిమిది శాతం. వారం తిరగకుండానే 20 శాతానికి దిగింది. అక్కడికి వచ్చాక సెంట్రీ తనంతట తానే ఆగిపోతుంది కాబట్టి బతికిపోయాను. మిగిలింది నా చేతుల మీదుగా పోయింది: పొద్దునా సాయంత్రం ఫోనులో ఆప్ తెరిచి "ఎంత ఉంది?" అని చూశాను. తెరిచినప్పుడల్లా కారు మేలుకుంటుంది. పడుకున్న పసివాణ్ని తట్టి లేపి "నిద్రపోయావా నాన్నా?" అని అడగడమే అది.

ఊరికి వెళ్లేటప్పుడు సెంట్రీ ఆపండి. ఎండలో లోపలి వేడి పెరగకుండా కాపాడే క్యాబిన్ ఓవర్‌హీట్ ప్రొటెక్షన్ కూడా ఆపండి. ఛార్జింగ్ లెక్కలు చూపే బయటి ఆప్‌లకు అనుమతి ఇచ్చి ఉంటే తీసేయండి. ఇంట్లోనే ఉంచి వెళ్తే ప్లగ్గు తగిలించి, 50 శాతం పరిమితి పెట్టి మరిచిపోండి.

ఇంట్లో ఛార్జింగ్ వేగం ఉన్నట్టుండి సగమైంది

మామూలు 120 వోల్టుల ప్లగ్గులో గంటకు మూడు మైళ్ల ఛార్జి ఎక్కితే గొప్ప. కాబట్టి చాలామంది బట్టల డ్రయ్యరు తరహా 240 వోల్టుల ప్లగ్గు పెట్టించుకుంటారు. దానిమీద కారుతో వాడే మొబైల్ కనెక్టరు, అంటే ఛార్జింగ్ తీగ, 32 ఆంపియర్లు తీసుకుంటుంది. గంటకు 30 మైళ్ల దాకా ఎక్కుతాయి. ఒక రోజు చూస్తే స్క్రీన్ మీద 32 బదులు 16 కనిపిస్తుంది. కారు పాడైందని కంగారు పడతాం.

చాలాసార్లు నేరం గోడది. కనెక్టరు తలలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉంది. సాకెట్టు వేడెక్కితే కరెంటు తానే తగ్గించుకుంటుంది. డ్రయ్యరు గంటసేపు నడిచి ఆగుతుంది, కారు మాత్రం రాత్రంతా అదే ధారలో లాగుతుంది. చవక సాకెట్టులోని పట్టీలు ఆ వేడికి వదులవుతాయి, వదులైన చోట వేడి ఇంకా పెరుగుతుంది. మా ఇంట్లో ఎలక్ట్రీషియన్ పాత సాకెట్టు విప్పి చూపించినప్పుడు ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్కు మాడిన అప్పడంలా గోధుమరంగుకు తిరిగి ఉంది. దాన్ని కొన్నది నేనే, పది డాలర్లు మిగిలాయని సంబరపడుతూ.

ఛార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్గు మీద చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి తీసేయాలనిపిస్తే ఆంపియర్లను స్క్రీన్ మీదే 24కు తగ్గించి, ఎలక్ట్రీషియన్ను పిలిచి పరిశ్రమల వాడకానికి తగిన సాకెట్టు వేయించండి. సొంత ఇల్లయితే ప్లగ్గు లేకుండా నేరుగా తీగలు కలిపే వాల్ కనెక్టరే మేలు. వదులవడానికి అక్కడ సాకెట్టే ఉండదు.

సూపర్‌ఛార్జర్ దగ్గర నత్తనడక

టెస్లావాళ్ల వేగపు ఛార్జింగ్ స్టేషన్ ఇది. బోర్డు మీద 250 కిలోవాట్లు, మీకు వచ్చేది 40. బ్యాటరీ చల్లగా ఉంది, లేదంటే 80 శాతం దాటింది. స్టేషన్ను నావిగేషన్లో గమ్యంగా పెట్టుకుని వెళ్తే దారిలోనే బ్యాటరీ వేడెక్కుతుంది. దారి తెలుసు కదా అని పెట్టకుండా వెళ్లడమే మనవాళ్లు చేసే పొరపాటు. పాత 150 కిలోవాట్ల స్టేషన్లలో 1ఏ, 1బీ అని రాసి ఉన్న ఛార్జర్లు జంటగా కరెంటు పంచుకుంటాయి కాబట్టి పక్కన కారు లేని జంట వెతకండి. ఛార్జింగ్ పూర్తయ్యాక కారు తీయకపోతే నిమిషాల లెక్కన జరిమానా పడవచ్చు. భోజనం పొడిగించకండి.

స్క్రీన్ నల్లబడింది, పాటలు రావడం లేదు

స్టీరింగ్ మీది రెండు చక్రాలనూ ఒకేసారి, స్క్రీన్ ఆరి మళ్లీ వెలిగేదాకా నొక్కి పట్టుకోండి. ముందు కారు పక్కకు ఆపండి. అంతే.

కారు నన్ను గుర్తుపట్టడం లేదు

ఒక ఆదివారం మా బావమరిది ఇండియన్ సరుకుల కొట్టు ఫోనులోంచి చేశాడు. "బావా, కారు చచ్చిపోయింది. తలుపు తెరుచుకోవడం లేదు." కొట్టు ఫోనులోంచి ఎందుకు చేస్తున్నావని అడిగితే "నా ఫోనులో ఛార్జి అయిపోయింది" అన్నాడు. చచ్చిపోయింది కారు కాదు, తాళంచెవి. జేబులో ఫోను ఉంటే చాలు తలుపు తెరుచుకునే సౌఖ్యానికి రెండో వైపు ఇది. అలాంటప్పుడు ఆదుకోవడానికి ఇచ్చిన కీ కార్డు వాళ్లింట్లో దేవుడి గూట్లో, వాహన పూజ నాటి కుంకుమ బొట్టుతో, భద్రంగా ఉంది.

కార్డు పర్సులో ఉండాలి. ముందు, వెనక తలుపుల మధ్య స్తంభానికి, అంటే డ్రైవరు తలుపు వెనకంచు దగ్గర కెమెరా కింద ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది. లోపల మధ్య కన్సోలు మీద పెట్టి బ్రేకు తొక్కితే బయలుదేరుతుంది. ఫోనులో ఛార్జి ఉండి కూడా కారు తెరుచుకోకపోతే బ్లూటూత్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. బ్యాటరీ పొదుపు కోసం ఫోను ఆ ఆప్‌ను నిద్రపుచ్చుతోందేమో సెట్టింగుల్లో చూడండి.

టైర్లు త్వరగా అరిగాయి, బ్రేకులు కీచుమంటున్నాయి

రెండు టన్నుల బరువు, కాలు ఆనిస్తే చాలు దూకే మోటారు. ఆ దూకుడుకు మూల్యం టైర్లే చెల్లిస్తాయి. ప్రతి 6,250 మైళ్లకు టైర్ల స్థానాలు మార్పించమని కంపెనీయే చెబుతుంది. గాలి ఫోనులో కనిపించే అంకెతో సరిపెట్టుకోకుండా చల్లగా ఉన్నప్పుడు చూడండి. పది ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ పడిపోతుంది. పెన్నీ నాణెంలో లింకన్ తలను కిందికి చేసి టైరు గాడిలో నిలబెట్టండి. ఆయన తల మొత్తం కనిపిస్తుంటే ఇక ఆలోచించేది లేదు. అదనపు చక్రం కారుతో ఇవ్వరు. పంక్చరు కిట్టు, గాలి పంపు కొని పెట్టుకోవాలి.

బ్రేకుల కథ దీనికి తలకిందులు. కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి కారును ఆపుతుంది కాబట్టి అసలు బ్రేకులకు పని తక్కువ. పని లేని ఇనుముకు తుప్పు పడుతుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే మా లాంటి చోట్ల ఏడాదికోసారి లేదా 12,500 మైళ్లకు బ్రేకును నొక్కిపట్టే క్యాలిపర్లు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించాలి.

ఎదుట ఏమీ లేకున్నా కారు బ్రేకు వేసింది

ఆటోపైలట్ లేదా క్రూజ్ మీద, అంటే వేగాన్ని కారే చూసుకుంటున్నప్పుడు, వచ్చే ఫిర్యాదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2022 ఫిబ్రవరిలో దీనిపై నాలుగు లక్షలకు పైగా కార్ల విషయంలో విచారణ మొదలుపెట్టింది. కారు చూపు ఇప్పుడు కెమెరాలదే. వంతెన నీడ, ఎదురెండ, అద్దం మీది మురికి దాన్ని తికమక పెట్టగలవు. కెమెరాల ముందు అద్దం తుడవండి. మాటిమాటికీ జరిగితే సర్వీసు మెనూలో కెమెరా కాలిబ్రేషన్, అంటే కెమెరాల సర్దుబాటు, మళ్లీ చేయించండి. క్రూజ్‌లో ఉన్నంతసేపూ కాలు యాక్సిలరేటరు దగ్గరే ఉండాలి. కాస్త నొక్కితే కారు మీ మాట వింటుంది. ఇది పూర్తిగా పోయే జబ్బు అని మాత్రం నేను హామీ ఇవ్వను.

మందు లేనివి

2023 జనవరిలో మోడల్ వై లాంగ్ రేంజ్ ధర ఒక్కసారిగా 65,990 డాలర్ల నుంచి 52,990కి దిగింది. అంతకు ముందు నెలలో కొన్నవాళ్లకు ఓదార్పు చెప్పడం తప్ప చేయగలిగింది లేదు. అమ్మకపు ధర ఇలా మారే కారును మూడేళ్లకోసారి మార్చాలనుకునేవాళ్లు కొనకూడదు. కొత్త కారుకు ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ కూడా 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. బ్యాటరీ మీద బెంగ మాత్రం అనవసరం. మోడల్ 3, వైలకు ఎనిమిదేళ్ల వారంటీ ఉంది. రకాన్ని బట్టి లక్ష లేదా 1,20,000 మైళ్ల లోపు, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే కంపెనీదే బాధ్యత.

కారు నిజంగానే చచ్చిపోయింది

పెద్ద బ్యాటరీలో 80 శాతం ఉన్నా, తలుపులను, కంప్యూటర్లను నడిపే చిన్న బ్యాటరీ చచ్చిపోతే కారు రాయిలా ఉండిపోతుంది. 2021 ప్రాంతం దాకా వచ్చినవాటిలో అది మామూలు 12 వోల్టుల లెడ్ బ్యాటరీ. మూడు నాలుగేళ్లే దాని ఆయుష్షు. తర్వాతి వాటిలో లిథియం వచ్చింది. "తక్కువ వోల్టేజి బ్యాటరీ మార్చండి" అన్న హెచ్చరిక వస్తే ఆ వారమే మార్పించండి, వచ్చే నెల చూద్దాం అనుకోవద్దు.

తలుపు పిడులు కరెంటుతో పనిచేస్తాయి కనుక ఇది అసౌకర్యంతో ఆగే విషయం కాదు. చిన్నపిల్లలు లోపల ఉండిపోతే తల్లిదండ్రులు అద్దాలు పగలగొట్టాల్సి వచ్చిన ఫిర్యాదుల మీద, 2021 నాటి మోడల్ వై తలుపుల గురించి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2025 సెప్టెంబరులో విచారణ మొదలుపెట్టింది. ముందు తలుపుల్లో అద్దాల బటన్ల పక్కన చేత్తో లాగే మీట ఉంటుంది. వెనక తలుపులకు అది ఉందా, ఉంటే ఎక్కడ ఉందో ఈరోజే మాన్యువల్‌లో చూసి ఇంట్లో అందరికీ ఒకసారి లాగి చూపించండి. పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చినప్పుడు వాళ్లకూ చూపించండి.

బయట ఉండిపోయినవాళ్లకు దారి ముందు బంపరులో ఉంది. మోడల్ 3, పాత మోడల్ వైలలో కారును లాగడానికి కొక్కెం బిగించే చోటి గుండ్రటి మూత తీస్తే ఎరుపు, నలుపు తీగలు రెండు కనిపిస్తాయి. వాటికి బయటి 12 వోల్టుల జంప్ స్టార్టరు తగిలిస్తే ముందు డిక్కీ తెరుచుకుంటుంది. చిన్న బ్యాటరీ దాని లోపలే ఉంటుంది, అక్కడ మళ్లీ తగిలించాలి. ఇదంతా చదివి నేను మంచి జంప్ స్టార్టరు ఒకటి కొని, కవరు కూడా విప్పకుండా ముందు డిక్కీలో భద్రపరిచాను. అది ఉండాల్సిన చోటు డిక్కీ కాదని నాకు తట్టడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు గ్యారేజీ అలమరలో ఉంది.