పోషకాహారం, మెదడు ఆరోగ్యంపై పనిచేసే పరిశోధకుల సైటేషన్లను ఎలా చదవాలి?

ఏటా ఒక సీజన్ వస్తుంది. ‘ప్రపంచ మేటి 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో మన ప్రొఫెసర్’ అంటూ దినపత్రికల జిల్లా పేజీల్లో ఫొటోలు పడతాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్‌లోని సైటేషన్ల లెక్కలతో తయారుచేసే జాబితా అది. ఫొటోలో ఉన్నది ఫిజిక్స్ ప్రొఫెసరైతే సంతోషించి పేజీ తిప్పేయొచ్చు. ‘ఇది తింటే మతిమరుపు రాదు’ అని చెప్పేవారైతే మాత్రం ఆ మాట నేరుగా మన వంటింట్లోకి వస్తుంది. నమ్మేముందు ఓ అరగంట కూర్చుని సరిచూసుకోవడం మంచిది. పరిశోధన పత్రాలు (పేపర్లు) వెతికిపెట్టే గూగుల్ స్కాలర్, వైద్య పేపర్లకు పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్లు ఉంటే చాలు. రెండూ ఉచితమే.

1. ముందు మనిషిని సరిగ్గా పట్టుకోండి

చిన్న పనే అనిపిస్తుంది గానీ, మనవాళ్ల పేర్లతో ఇదే పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. డేటాబేసులేమో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి. అందుకే ‘రావు కె’, ‘రెడ్డి ఎస్’ అని వెతికితే పశువైద్యుల నుంచి సివిల్ ఇంజినీర్ల దాకా అందరి పేపర్లూ కలగాపులగంగా వచ్చిపడతాయి. ఒకే మనిషి పేపర్లు రెండు మూడు పేర్ల కింద చీలిపోవడమూ మామూలే. ఆ పరిశోధకులకు ఆర్కిడ్ నంబరు, అంటే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటే దాంతో వెతకండి. లేకపోతే సంస్థ పేరు, సహ రచయితల పేర్లు చూసి నిర్ధారించుకోండి.

2. అంకెల దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు

ఒక పేపర్‌ను ఇంకో పేపర్ ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్లో మొత్తం సైటేషన్ల కిందే హెచ్-ఇండెక్స్ కనిపిస్తుంది. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించారు. ఐదు పేపర్లకు వరుసగా 40, 12, 7, 4, 3 సైటేషన్లు ఉన్నాయనుకోండి. కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగు కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. ఆ 40 రేపు 4,000 అయినా ఇండెక్స్ మాత్రం కదలదు.

గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, ప్రీప్రింట్లను (జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్లను) కూడా లెక్కేస్తుంది. అందుకే అక్కడి అంకె సాధారణంగా స్కోపస్ కంటే పెద్దది. ఒకరి అంకె ఇక్కడ, ఇంకొకరిది అక్కడ తీసుకుని పోల్చకండి. రంగంలో ఎంతమంది పనిచేస్తున్నారన్నదీ ముఖ్యమే. జొన్నలే ప్రధాన ఆహారమైనవారిలో పెల్లాగ్రా ఎందుకొస్తుందో వెతుకుతూ హైదరాబాద్‌లోని నేటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో పేపర్ రాశారు. ముదిరితే మతిని కూడా చెడగొట్టే జబ్బు అది. ఇప్పుడు దాని మీద రాసేవాళ్లు తక్కువ, అల్జీమర్స్ మీద రాసేవాళ్లు వేలల్లో ఉంటారు. ఈ రెండు రంగాల అంకెలను ఒకే త్రాసులో వేయలేం.

3. ప్రొఫైల్లో పైనున్న ఐదు పేపర్లు తెరవండి

అసలు సంగతి ఇక్కడ తేలుతుంది. అవి సొంత పరిశోధనలా, లేక ఇతరుల పనిని కూర్చి రాసిన రివ్యూలా? రివ్యూలకు సైటేషన్లు తేలిగ్గా వస్తాయి. వందలమంది రచయితలున్న అంతర్జాతీయ పేపర్లో ఒక పేరుగా ఉన్నా సరే, సైటేషన్లన్నీ ఆ ఖాతాలోనే పడతాయి. వైద్య పరిశోధనల్లో మామూలుగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు బృందాన్ని నడిపించినవారిది.

4. ఆ పేపర్‌ను ఎవరు, ఎందుకు ప్రస్తావించారో చూడండి

షికాగోలోని రష్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు చెందిన మార్తా క్లేర్ మోరిస్ బృందం 2015లో ‘మైండ్ డైట్’ పేపర్ ప్రచురించింది. ఆకుకూరలు, బెర్రీలు, నట్స్, ఆలివ్ నూనె ఎక్కువ. వెన్న, స్వీట్లు, వేపుళ్లు తక్కువ. 923 మంది పెద్దవయసువారిని సగటున నాలుగున్నరేళ్లు గమనిస్తే, ఈ తిండికి బాగా దగ్గరగా తిన్నవారిలో అల్జీమర్స్ 53 శాతం తక్కువగా కనిపించింది. ఆ 53 శాతం ప్రపంచమంతా తిరిగింది. కానీ అది పరిశీలన మాత్రమే. ఆకుకూరలు తినేవాళ్లు నడక, చదువు, వైద్యం విషయంలోనూ జాగ్రత్తపరులు కావచ్చు.

ఇప్పుడు స్కాలర్‌లో ఆ పేపర్ కింద ‘సైటెడ్ బై’ నొక్కండి. ‘సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్’ గడిలో టిక్ పెట్టి, ‘ట్రయల్’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ప్రయోగం కోసం చూడండి. 604 మందిని రెండు గుంపులు చేసి మూడేళ్లు చూశారు. మైండ్ డైట్ తిన్నవారికీ, మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవారికీ జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూడేళ్లు చాలవేమో, రెండు గుంపులూ తిండి తగ్గించడం వల్ల తేడా మరుగున పడిందేమో. డైట్ పనికిరాదని దీంతో తేలిపోలేదు. కానీ 53 శాతం అని ఇక ఎవరైనా బల్లగుద్ది చెబితే ఆగి అడగాలి.

ఈ రెండో పేపర్ కూడా మొదటిదాని ఖాతాలో ఒక సైటేషనే. మెచ్చుకున్నా, ఖండించినా అంకె ఒక్కటే పెరుగుతుంది. ఇంకో విషయం, ఈ ప్రయోగాన్ని మొదలుపెట్టింది మోరిస్ గారే. ఫలితం చూడకుండానే 2020లో కన్నుమూశారు. తాను చెప్పినదాన్ని తానే పరీక్షకు పెట్టడం, నా దృష్టిలో ఏ ఇండెక్స్ కన్నా పెద్ద అర్హత.

5. వెనక్కి తీసుకున్న పేపర్లున్నాయా, డబ్బు ఎవరిది?

పేరు పక్కన ‘రిట్రాక్షన్’ అని చేర్చి పబ్‌మెడ్‌లో వెతకండి. దొరకగానే మోసం అనుకోవద్దు. స్పెయిన్‌లో మెడిటరేనియన్ ఆహారంపై జరిగిన ‘ప్రెడిమెడ్’ పేపర్ 2013లో వచ్చింది. కొందరిని గుంపులకు కేటాయించడంలో లాటరీ పద్ధతి పాటించలేదని తేలడంతో 2018లో రచయితలే దాన్ని ఉపసంహరించి, లెక్కలు మళ్లీ వేసి ప్రచురించారు. తప్పు ఒప్పుకుని దిద్దుకున్నవారిని, దొరికిపోయినవారిని ఒకే గాటన కట్టలేం. నోటీసు చదివితే తేడా తెలుస్తుంది.

చివరగా పబ్‌మెడ్‌లో సారాంశం కింద ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్’ (రచయితలకు కంపెనీల వంటివాటితో ఉన్న సంబంధాల వివరాలు) అనే భాగం ఉంటే చదవండి. చేపనూనె మాత్రల మీద పేపర్‌కు ఆ మాత్రల కంపెనీయే డబ్బిచ్చి ఉంటే, కంపెనీతో సంబంధం లేని ఇంకో బృందం కూడా అదే ఫలితం చూపించేదాకా మాత్రల సీసా కొనకండి.