పాత పవర్ యాంపు మొండికేస్తే ఏం చూడాలి?

1970ల నాటి సాన్సుయి, పయనీర్, మరాంట్జ్ పెద్ద యాంప్లిఫయర్లు చెన్నైలో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కొన్నయితే ఇద్దరు పట్టి లేపాల్సినంత బరువు. ఏళ్ల తరబడి అటక మీద పడున్న అలాంటి సెట్టును ఇంటికి తెచ్చిన పూటే నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టేస్తే, బాగున్న పార్టులు కూడా పోవచ్చు.

మూత తీసే ముందు ఒక మాట. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో 60, 70 వోల్టుల దాకా నిలవుంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూపించే మెకానిక్కులున్నారు, వాళ్లను చూసి నేర్చుకోకండి. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఒక్కో కెపాసిటర్ టెర్మినళ్లకూ ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించి రెండు నిమిషాలు ఉంచండి. మీటర్‌లో వోల్టేజీ దాదాపు సున్నా అని చూశాకే చెయ్యి పెట్టండి.

ఆన్ చేయగానే ఫ్యూజు పోతోంది

ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయడం, రాగి తీగ చుట్టడం వద్దు. ఈసారి పోయేది ట్రాన్స్‌ఫార్మర్, అది మళ్లీ దొరకదు. ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే సీరీస్ బోర్డు, అంటే కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా చేసిన బోర్డు తెచ్చుకోండి. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. స్పీకర్లు తీసేసి, ఆ బల్బు గుండా కరెంటు ఇవ్వండి. కెపాసిటర్లు నిండేటప్పుడు ఒక్కసారి భగ్గున వెలిగి మెల్లగా తగ్గిపోతే లోపల షార్ట్ లేనట్టే. పెద్ద యాంపులకు కాస్త ఎర్రగా మిగిలినా పర్వాలేదు. అదే వెలుగు తగ్గకుండా నిలబడిపోతే వెంటనే ఆపండి.

అప్పుడు అనుమానం ముందు ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ మీద, తర్వాత అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల మీద. ట్రాన్సిస్టర్ కాళ్లలో కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య మీటర్ బీప్ కొడితే అది షార్ట్. అది ఒక్కటే మార్చి వదిలేస్తే కొత్తది కూడా క్షణంలో పోతుంది. దాని జతనీ, దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్నీ, ఎమిటర్ రెసిస్టర్‌నీ కూడా చూడాలి. కొత్తది బిగించాక దానికీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే మైకా వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసి, కలెక్టర్ హీట్‌సింక్‌కి తగలట్లేదని మీటర్‌తో ఖాయం చేసుకోండి. మళ్లీ మొదటిసారి ఆన్ చేసేది కూడా బల్బు మీదే.

మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో రెసిస్టర్లు, ఫ్యూజులు, సోల్డరు నిశ్చింతగా కొనండి. పవర్ ట్రాన్సిస్టర్లు మాత్రం ఎక్కడ కొన్నా జాగ్రత్త. 2ఎస్‌సి5200, 2ఎస్‌ఎ1943 లాంటి పేరున్న నంబర్లకు నకిలీలు విపరీతం. పైన అచ్చు అదే ముద్ర ఉంటుంది, లోపల చిప్ చిన్నది, వాల్యూమ్ పెంచిన రోజు చేతులెత్తేస్తుంది. అధీకృత డీలరు నుంచి బిల్లుతో తెప్పించుకోవడమే నయం.

గుయ్‌మని హమ్మింగ్

వాల్యూమ్ సున్నాకి తిప్పండి. అయినా అదే స్థాయిలో ఉంటే ఎక్కువగా ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినట్టు. మన 50 హెర్ట్జ్ కరెంటు రెక్టిఫయర్ దాటాక 100 హెర్ట్జ్ అవుతుంది, ఘంటసాల గొంతు వెనక వినపడేది అదే. కొత్తవి వేసేటప్పుడు వోల్టేజీ పాతదానికి తగ్గకూడదు. మైక్రోఫారడ్లు రెట్టింపు చేస్తే బాస్ పెరుగుతుందన్న మాట నమ్మకండి, రెక్టిఫయర్ మీద భారం పడుతుంది.

వాల్యూమ్‌తో పాటు హమ్ పెరుగుతుంటే తప్పు బయట ఉంది. కేబుళ్లు ఒక్కొక్కటే తీసి చూడండి. టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు, ల్యాప్‌టాప్ చార్జరు, సెట్‌టాప్ బాక్సు మామూలు దొంగలు. ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేసే వైద్యం మాత్రం వద్దు.

రిలే టక్‌మనట్లేదు

స్పీకర్లను యాంపుకు కలిపే స్విచ్చి రిలే. ఆన్ చేసిన కొన్ని సెకన్లకు అది లోపల టక్‌మనాలి. అనకపోతే స్పీకర్లు తీసి, రిలేకి ముందు వైపు డీసీ కొలవండి. రెండు చానెళ్లలోనూ 50 మిల్లీవోల్టుల లోపుంటే రిలే లేదా ప్రొటెక్షన్ బోర్డు మీది చిన్న కెపాసిటర్ పోయినట్టు. 40, 50 వోల్టులు కనిపిస్తే రిలే తన పని తాను చేస్తోంది. దాన్ని బైపాస్ చేస్తే ఊఫర్ కాలిపోతుంది.

ఒక చానెల్ వస్తూ పోతూ ఉంది

బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఇది మామూలే. తక్కువ వాల్యూమ్‌లో ఎడమ వైపు మాయం, కాస్త పెంచగానే టక్కున తిరిగి వస్తుంది. రిలే కాంటాక్టులు నల్లబడ్డాయని అర్థం. కాంటాక్ట్ క్లీనర్‌లో తడిపిన గట్టి కాగితం ముక్కను మధ్యలో పెట్టి లాగండి. గరుకు కాగితం పెడితే పూత లేచిపోతుంది, అంతకన్నా రిలే మార్చడం నయం. టేప్ మానిటర్ స్విచ్చిని కూడా పదిసార్లు అటూ ఇటూ కదపండి, ఒక్కోసారి రోగం అంతే. తలుపు బందులకు కొట్టే స్ప్రే వాల్యూమ్ పాట్‌లో కొట్టకండి, జిడ్డు మిగులుతుంది.

చెయ్యి పెట్టలేనంత వేడి

వెనక ప్లేటు చదవండి. జపాన్ మార్కెట్‌వి 100 వోల్టులు, అమెరికావి 120. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు, ప్లేటు మీది వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉండాలి. 60 హెర్ట్జ్‌కే చేసిన సెట్టయితే మన 50 హెర్ట్జ్ మీద దాని ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి గుర్రుమంటుంది. వోల్టేజీ సరిగ్గా ఉన్నా వేడెక్కుతుంటే బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు, పెరిగినట్టు. అరగంట వేడెక్కనిచ్చి, సర్వీస్ మాన్యువల్ చెప్పిన మిల్లీవోల్టులకు తెండి. బయాస్ సర్దే చిన్న తిప్పుడు రెసిస్టర్, అంటే పాత ట్రిమ్‌పాట్, కాంటాక్టు వదిలేస్తే కొన్ని సర్క్యూట్లలో బయాస్ ఒక్కసారిగా ఎగిరి ట్రాన్సిస్టర్లు పోతాయి కాబట్టి, ముందు దాన్నే మార్చేయండి.

రిపేరుకు బయట ఇస్తే, తీసేసిన పార్టులు వెనక్కి కావాలని ఇచ్చేటప్పుడే చెప్పండి.