ఇంజిన్ దించాక క్రాంకు బేరింగులు ఎంచుకోవడం ఎలా?

పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంకు. అది రాపిడి లేకుండా తిరగడానికి దాని చుట్టూ రెండేసి సగాలుగా కూర్చునే పలుచని రేకులే బేరింగులు. బెజవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి బేరింగు సెట్టు అడిగితే, అనుభవమున్న కౌంటరాయన ముందు వేసే ప్రశ్న ఒకటే: "స్టాండర్డా, సైజా?" అంటే క్రాంకు కంపెనీ కొలతలోనే ఉందా, అరగదీయించి సన్నబడిందా అని. దానికి జవాబు మీ దగ్గర లేకపోతే డబ్బులు తీయకుండా వెనక్కి వచ్చేయండి. నేను రాలేదు. పాత డీజిల్ కారు ఇంజిన్ దించి, క్రాంకు కొలవకముందే స్టాండర్డ్ సెట్టు కొనేశాను. తీరా చూస్తే, నాకంటే ముందు ఓనరే ఒకసారి గ్రైండింగ్ (అరగదీత) చేయించి ఉన్నాడు. విప్పిన ప్యాకెట్టు వాపసు తీసుకోరు కదా, ఆ సెట్టు ఇప్పటికీ మా అటక మీదే ఉంది.

ఆయిల్ సంపు (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) విప్పాక, బోల్టుల మీద రెంచి పెట్టకముందే బేరింగులను పట్టి ఉంచే క్యాపుల మీది నంబర్లు, బాణం గుర్తులు చూసుకోండి. గుర్తుల్లేకపోతే మీరే పెట్టండి. ఏ క్యాపు చోటు దానిదే, మార్చి బిగిస్తే క్రాంకు పట్టేస్తుంది. పాత బేరింగులను వరసగా కాగితంలో చుట్టి, ఏది ఏ సిలిండరుదో రాసి పెట్టండి. వాటి వెనక స్టాండర్డ్ అనో, 0.25 అనో సైజు కొట్టి ఉంటుంది. ముందువైపు జబ్బు కనిపిస్తుంది. గీతలు పడి ఉంటే ఆయిల్‌లో మురికి తిరిగింది. ఒక అంచునే అరిగితే కనెక్టింగ్ రాడ్ వంగిందేమో చూపించండి. రాగి రంగు తేలిందంటే పైపూత అరిగిపోయినట్టే. కారణం తేలకుండా కొత్తవి వేస్తే అవీ అదే దారి పడతాయి.

ఇక కొలత. మైక్రోమీటర్‌తో ప్రతి జర్నల్‌నూ, అంటే క్రాంకు మీద బేరింగు కూర్చునే ప్రతి గుండ్రటి భాగాన్నీ, రెండు చివరల దగ్గర, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా కొలవాలి. అంటే జర్నల్‌కు నాలుగు అంకెలు. అడ్డం, నిలువుల తేడా గుండ్రం తప్పిందని చెబుతుంది, చివరల తేడా వాలుగా అరిగిందని. ఎంత తేడా వరకు పరవాలేదో మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది. మన ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త కావాలి. మే నెల మధ్యాహ్నం ఆటోలో వేసుకొచ్చిన క్రాంకును వెంటనే కొలవకండి. 50 మి.మీ. జర్నల్ ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారు 0.006 మి.మీ. ఉబ్బుతుంది. మనం వెతికే తేడాలూ దాదాపు అంతే. క్రాంకు, మైక్రోమీటర్ రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉంటే పొద్దున్నే కొలవచ్చు.

జర్నల్స్ బాగుంటే పాలిష్ పట్టించి స్టాండర్డ్ వేసుకోవచ్చు. అయితే కొన్ని ఇంజిన్లలో స్టాండర్డ్‌లోనే రంగు గుర్తులతో నాలుగైదు మందాలుంటాయి, తేడా వెయ్యో వంతు మిల్లీమీటర్లలో. బ్లాకు మీద, క్రాంకు మీద కొట్టిన అంకెలో అక్షరాలో మాన్యువల్ పట్టికతో కలిపి చూసి రంగు ఎంచుకోవాలి.

గీతలు లోతుగా ఉన్నా, గుండ్రం తప్పినా గ్రైండింగే. 50.00 ఉండాల్సిన జర్నల్ 49.75కు దిగితే 0.25 అండర్‌సైజు బేరింగు పడుతుంది, తర్వాత 0.50. పేరు చూసి కంగారు పడొద్దు: తగ్గింది క్రాంకు, బేరింగు మాత్రం మందం. కొన్ని క్రాంకులకు పైన గట్టి పొర ఉంటుంది, వాటిని గ్రైండ్ చేయొద్దని తయారీదారే రాస్తాడు. లేతు షాపు వాళ్లకు అప్పగించేముందు ఆ మాట చూసుకోండి. పని అయ్యాక ఆయిల్ రంధ్రాలన్నీ బ్రష్షుతో, ప్రెషర్‌తో కడిగించండి. అక్కడ మిగిలిన రాతిపొడి కొత్త బేరింగును వంద కిలోమీటర్లు కూడా బతకనివ్వదు. చాలామంది వదిలేసే పని ఇదే.

బిగించేటప్పుడు బేరింగు వెనకవైపు పొడిగా ఉండాలి, నూనె చుక్క కూడా వద్దు. బ్లాకులో కూర్చునే దాని రంధ్రం బ్లాకు ఆయిల్ రంధ్రంతో కలవాలి. గాడి ఉన్నది సాధారణంగా బ్లాకువైపే. నూనె రాయకముందే జర్నల్ మీద పొడవునా ప్లాస్టిగేజ్ అనే మెత్తని ప్లాస్టిక్ పోగు పెట్టి, క్యాపును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, క్రాంకు కదపకుండా విప్పండి. నలిగిన పోగు వెడల్పును దాని కవరు మీది స్కేలుతో పోల్చితే జర్నల్‌కూ బేరింగుకూ మధ్య సందు తెలుస్తుంది. వెడల్పు ఎక్కువైతే సందు తక్కువ. చాలా కార్లకు 0.02 నుంచి 0.06 మి.మీ. మధ్య ఉంటుంది, మీ ఇంజిన్‌కు చెప్పిన అంకే చివరి మాట. సందు సరిపోతే పోగు తుడిచి, నూనె రాసి మళ్లీ బిగించండి. ఒక్కో క్యాపు బిగించాక క్రాంకును చేత్తో తిప్పండి. ఎక్కడ బిగుసుకుంటే తప్పు ఆ క్యాపులోనే. సాగే రకం బోల్టులైతే ఈ చివరి బిగింపుకు కొత్తవి వాడాలి.

ఇంజిన్ ఎక్కించాక వెంటనే స్టార్ట్ చేయకండి. పెట్రోల్ కారైతే స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంధనం ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొంచెం కొంచెంగా కొట్టండి. లైటు ఆరాకే ప్లగ్గులు బిగించేది.