మ్యాజిక్ కార్డులు చూసి రాబోయే కథ పసిగట్టడం ఎలా?

కొత్త సెట్ కార్డులు ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైతే చాలు, కథలో విలన్ అయిన నికోల్ బోలాస్ అనే డ్రాగన్ తిరిగొస్తున్నాడని ఎవరో ఒకరు అందుకుంటారు. సాక్ష్యం ఏమిటయ్యా అంటే, ఏదో కార్డు బొమ్మలో వెనకాల రెండు కొండలు వంకరగా ఉన్నాయట, అవి ఆ డ్రాగన్ కొమ్ములట. 2017లో వచ్చిన అమోన్‌ఖెట్ సెట్ బొమ్మల్లో దూరంగా కనిపించినవి నిజంగానే బోలాస్ కొమ్ముల ఆకారంలో కట్టినవి. అప్పట్నుంచి జనానికి ఏ కొండ చూసినా కొమ్మే. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టే ఈ పద్ధతి చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మ్యాజిక్: ది గాదరింగ్ అనేది రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన కార్డు ఆట. విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 1993లో విడుదల చేసింది. ఏటా కొన్ని కొత్త సెట్లు వస్తాయి. చాలా సెట్లకి ఒక లోకం, ఆ లోకంలో ఒక కథ ఉంటాయి. లోకం నుంచి లోకానికి దూకగలిగే మంత్రగాళ్ళని ప్లేన్స్‌వాకర్లు అంటారు. కథని కంపెనీ విడిగా రాయించి ఇస్తుంది కానీ, అందులో చాలా భాగం కార్డుల మీదే చిందిపడి ఉంటుంది. పేరులో కొంత, బొమ్మలో కొంత, కింద వాలు అక్షరాల్లో ఉండే ఫ్లేవర్ టెక్స్ట్‌లో కొంత. ఆ ముక్కలు ఏరి తర్వాత ఏం జరుగుతుందో చెప్పడమే మన పని. వారపత్రిక సీరియల్ చివర 'సశేషం' చూసి, వచ్చేవారం ఏమవుతుందో ఇంటిల్లిపాదీ వాదించుకున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది కొత్త విద్యేం కాదు.

కావలసినవి

రూళ్ళ నోటుబుక్కు ఒకటి, నీలం పెన్ను, ఎర్ర పెన్ను. కార్డులు వెతకడానికి స్క్రైఫాల్ లాంటి సైటు. అంతే. ఫోన్‌లో నోట్స్ రాసుకోవడం పనికిరాదు. ఎందుకంటే ఫోన్‌లో రాసింది తర్వాత దిద్దుకోవచ్చు, మనిషన్నాక దిద్దుకుంటాడు. పెన్నుతో రాసి పక్కన తేదీ వెయ్యాలి. లీకులు చూడకూడదు. చూస్తే అది ఊహ కాదు, ప్రశ్నపత్రం ముందే కొనుక్కోవడం.

ఒకటి: తీరని బాకీలు రాసుకోండి

కొత్త కార్డులతో మొదలుపెట్టకండి. పాత కథలో ఎవరి లెక్క తేలలేదో ముందు చూడండి. ఎల్డ్రాజీ అనే మహాభూతాలు ముగ్గురున్నారు: ఉలమోగ్, కోజిలెక్, ఎమ్రాకుల్. ముగ్గురూ 2010లో జెండికార్ లోకంలో చెర విడిపించుకుని బయటపడ్డారు. 2015 చివర్లో, 2016 మొదట్లో వచ్చిన రెండు సెట్లలో ఉలమోగ్, కోజిలెక్‌ల కథ ముగిసింది. ఎమ్రాకుల్ జాడ లేదు. ముగ్గురిలో ఇద్దరి లెక్క తేలి, మూడోది ఏమైందో ఎవరూ మాట్లాడకపోతే అది మరిచిపోవడం కాదు, దాచిపెట్టడం.

అలాగే ఫైరెక్సియా అనే శత్రుపక్షానికి ప్రేటర్లు, అంటే నాయకులు, ఐదుగురు. 2021లో కాల్డ్‌హైమ్ సెట్‌లో వోరింక్లెక్స్ ఒక్కడే ఊడిపడ్డాడు. అప్పుడే మిగతా నలుగురి పేర్లతో నలుగురికీ తలో పేజీ తియ్యాలి. నేను తీశాను. 2022లో జిన్-గిటాక్సియాస్, ఉరాబ్రాస్క్, షియోల్డ్రెడ్ వరసగా ఒక్కో సెట్‌లో వచ్చారు. 2023లో ఎలెష్ నోర్న్‌తో ఆ లెక్క పూర్తయింది.

రెండు: కార్డుని వరసలో చదవండి

ముందు పేరు, తర్వాత అది ఆటలో చేసే పని, ఆ తర్వాత ఫ్లేవర్ టెక్స్ట్, చిట్టచివర బొమ్మ. ఈ వరస మార్చకూడదు. అందరూ బొమ్మతో మొదలుపెడతారు, అందుకే అందరికీ కొమ్ములు కనిపిస్తాయి.

ఒక కార్డు దగ్గరగా చూపిస్తాను. 2016 ఏప్రిల్‌లో వచ్చిన షాడోస్ ఓవర్ ఇన్నిస్ట్రాడ్‌లో నహిరి, ది హార్బింజర్ అని ఒకటుంది. హార్బింజర్ అంటే వెనక వచ్చేవాడి కబురు మోసుకుంటూ ముందు నడిచే మనిషి. మరి వెనక వచ్చేది ఎవరు? కార్డు నాలుగు పాయింట్లతో దిగుతుంది. రెండు రెండు చొప్పున పెంచుకుంటూ ఎనిమిదికి చేర్చి, ఆ ఎనిమిదీ ఖర్చుపెడితే, మీ డెక్‌లోంచి ఏ జీవినైనా సరే లాగి నేరుగా బల్ల మీద పెట్టొచ్చు. అది వచ్చిన వెంటనే దాడి చేస్తుంది, ఆ టర్న్ చివర్లో తిరిగి చేతికి వచ్చేస్తుంది. ఇన్నిస్ట్రాడ్ లోకాన్ని కాపాడే దేవదూత అవాసిన్‌కి అప్పటికే పిచ్చెక్కింది, ఎందుకో ఎవరికీ తెలియదు. అవాసిన్‌ని సృష్టించిన సోరిన్ అనే ప్లేన్స్‌వాకర్ మీద నహిరికి పాత పగ.

అప్పుడు నేనేం ఊహించానో చెప్పడానికి సిగ్గేస్తుంది. గ్రిసెల్‌బ్రాండ్ అనే పాత రాక్షసుడు తిరిగొస్తున్నాడని బిర్యానీ పందెం కాశాను. వాణ్ణి లిలియానా అనే ప్లేన్స్‌వాకర్ చంపేసి అప్పటికి నాలుగేళ్ళు. మా బావమరిదికి కథ ఒక్క ముక్క తెలియదు, ఆట మాత్రం ఆడతాడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మామూలుగా దించలేని పెద్దదాన్ని దేన్నో లాక్కురావడానికి చేసింది బావా, ఎమ్రాకుల్‌ని పెట్టుకుంటా నేనైతే" అన్నాడు. ఆటగాడి లెక్కలో అన్నాడు. జూలైలో ఎల్డ్రిచ్ మూన్ వచ్చింది. కథలోనూ నహిరి లాక్కొచ్చింది ఎమ్రాకుల్‌నే. బిర్యానీతో పాటు డబుల్ కా మీఠా కూడా నేనే పెట్టించాను.

కార్డు చేసే పనిని బొమ్మ కన్నా ముందు చదవాలనేది అందుకే. ఎల్స్పెత్ అనే ఇంకో ప్లేన్స్‌వాకర్ సంగతీ అంతే. 2014లో థెరోస్ లోకంలో చనిపోయింది. 2020లో వచ్చిన ఎల్స్పెత్, సన్స్ నెమెసిస్ కార్డుకి 'ఎస్కేప్' అనే గుణం ఉంది, అంటే చచ్చిన కార్డుల కుప్పలోంచి దాన్ని మళ్ళీ ఆడొచ్చు. ఆవిడ పాతాళం నుంచి తప్పించుకుందని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

పేర్ల విషయంలో మనకి ఒక సౌలభ్యం ఉంది. 2016లో వచ్చిన కలదేశ్ సెట్ మన దేశపు ఛాయలతో చేసిన లోకం. ఊరి పేరు ఘిరాపూర్, మనుషుల పేర్లు రశ్మి, సహేలీ రాయ్, కిరణ్ నలార్. ఆ లోకానికి 2025లో అవిష్కార్ అని పేరు మారింది. అది కొత్తవి కనిపెట్టేవాళ్ళ లోకమని మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అలాగని మరీ లోతుకి వెళ్ళకండి. నిప్పులు కురిపించే పిల్లకి చంద్ర అని పేరు పెట్టిన ఆట ఇది.

ఇంకో బాపతు జనం ఉన్నారు, నంబర్ల బాపతు. కార్డు అడుగున వరస నంబరు ఉంటుంది. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, పచ్చ వరసలో, ఒక్కో రంగులో పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి, ఇంకా బయటపడని కార్డు పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో లెక్కగట్టొచ్చు. తెలివైన పనే. కానీ అది కథ ఊహించడం కాదు, గళ్ళనుడికట్టు నింపడం. వాళ్ళకి పేరు దొరుకుతుంది, ఆ పేరున్న మనిషి ఎందుకొచ్చాడో దొరకదు.

మూడు: ఇది సూచనా, ఆట అవసరమా?

అందరూ బోర్లాపడేది ఇక్కడే. మిగతావి గబగబా చదివినా ఇది నెమ్మదిగా చదవండి.

ప్రతి కార్డూ రెండు కొలువులు చేస్తుంది. కథ చెప్పాలి, ఆట ఆడించాలి. ఆడించలేని కార్డు ఎవరికీ అక్కర్లేదు కనుక, దాని మీద మీకు కనిపించే సంగతుల్లో ఎక్కువ భాగం ఆట కోసం పెట్టినవే. వాటిని కథలో సూచనలనుకుంటే కోడిగుడ్డు మీద ఈకలు పీకినట్టే. కాబట్టి పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు 'ఆట అవసరం', కుడివైపు 'కథ' అని రాయండి. ఎడమ గడి ముందు నింపాలి. ఆ వివరం అలా ఉండటానికి ఆటలో ఏ కారణమూ దొరక్కపోతేనే కుడివైపు పెన్ను పెట్టాలి. కుడివైపు ముందు నింపినవాళ్ళెవరూ తర్వాత ఎడమవైపుకి రారు. నేను చూశాను, నేనూ రాలేదు.

కారణం దొరకబుచ్చుకోవడానికి నేను మొదట చేసేది తోబుట్టువుల పరీక్ష. ఈ కార్డుకి మిగతా రంగుల్లో తోబుట్టువులున్నారా? 2019లో వార్ ఆఫ్ ది స్పార్క్‌లో గిడియన్స్ ట్రయంఫ్ అని ఒక కార్డు ఉంది. ట్రయంఫ్ అంటే విజయం. గిడియన్ అనే ప్లేన్స్‌వాకర్ గెలుస్తాడని ఎగిరి గంతేసే ముందు సెట్ అంతా చూడండి. జేస్‌కి ఒక ట్రయంఫ్, లిలియానాకి ఒకటి, చంద్రకి ఒకటి, నిస్సాకి ఒకటి. ఐదు రంగులకీ ఐదు. సంక్రాంతికి పిల్లలందరికీ ఒకే తానులోంచి చొక్కాలు కుట్టించినట్టు పంచారు. దీన్ని సైకిల్ అంటారు. ఇందులో కథ గురించి మీకు తెలిసేది గుండుసున్నా.

అదే సెట్‌లో గిడియన్స్ సాక్రిఫైస్ అని ఇంకో కార్డు ఉంది. చవకైనది, ఒక్క తెల్ల మానా (కార్డు ఆడటానికి ఖర్చుపెట్టే మంత్రశక్తి) ఉంటే ఆడొచ్చు. ఆ సెట్‌లో చాలామంది పేరు మీద ఇలాంటి చిన్న కార్డులున్నాయి, కానీ త్యాగం అనే మాట ఈయన ఒక్కడికే దక్కింది. అది చేసే పని చూడండి: మీ వైపు ఒక జీవినో ప్లేన్స్‌వాకర్‌నో ఎంచుకుంటే, ఆ టర్న్‌లో మీకూ మీవాళ్ళకీ తగలాల్సిన దెబ్బలన్నీ ఆ ఒక్కరి మీదే పడతాయి. కథలో జరిగింది అక్షరాలా అదే. బోలాస్‌కి ఎదురుతిరిగినందుకు లిలియానాని కాల్చెయ్యాల్సిన శాపాన్ని గిడియన్ తన మీద వేసుకుని చనిపోయాడు. ఒకే మనిషి పేరుతో, ఒకే సెట్‌లో, ఒక కార్డు ఉత్త అలంకారం, ఇంకోటి మరణవార్త.

రెండోది రంగు. పాత్ర రంగు మారితే మనసు మారిందని అర్థం అంటారు. అజాని అనే ప్లేన్స్‌వాకర్ విషయంలో నిజమే. 2007లో శుద్ధ తెలుపు. 2008లో ఎరుపు కలిసింది, ఎందుకంటే ఆ కథలో అన్న హత్యకి పగతో రగిలిపోతున్నాడు. కార్డు పేరులోనే ఆ పగ ఉంది. ఇది చూసి ధైర్యమొచ్చి, 2017లో నిస్సాకి పచ్చతో పాటు నీలం కలిసినప్పుడు మనిషి మారిపోయిందని రెండు పేజీలు రాశాను. 2019కల్లా మళ్ళీ శుద్ధ పచ్చ. ఆ రెండు పేజీలూ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి, అడిగితే చూపిస్తాను. కాబట్టి నియమం ఇది: రంగు ఒక్కటే సాక్ష్యం కాదు, ఎందుకు మారిందో చెప్పే ఇంకో సాక్షి ఆ కార్డు పేరులోనో పక్క కార్డులోనో దొరకాలి.

మూడోది కాలం. సెట్ పని దుకాణానికి రావడానికి సుమారు రెండేళ్ళ ముందే మొదలవుతుంది. ఇది బుర్రలో ఉంచుకుంటే సగం థియరీలు పుట్టకముందే పోతాయి. 2011లో మిర్రోడిన్ అనే లోకం మీద ఫైరెక్సియా యుద్ధం జరుగుతున్నప్పుడు, మూడో సెట్ 'మిర్రోడిన్ ప్యూర్' కావచ్చు, 'న్యూ ఫైరెక్సియా' కావచ్చని కంపెనీ రెండు పేర్లూ ప్రకటించింది. రెండో సెట్ ప్రీరిలీజ్‌లో, అంటే విడుదలకి ముందు జరిగే ఆటల్లో, ఆటగాళ్ళు ఏదో ఒక పక్షం ఎంచుకుని ఆడారు. మనం ఎక్కువ ఆటలు గెలిస్తే మన లోకం నిలుస్తుందని నమ్మి నిద్రమానుకుని ఆడిన అమాయకులు నాకు తెలుసు. ఫిబ్రవరిలో రెండో సెట్, మేలో మూడోది. ఆ మూడు నెలల్లో కథ రాసి, బొమ్మలు వేయించి, అచ్చేసి, దేశదేశాలకీ ఎలా పంపుతారు? ఫలితం ఎప్పుడో అచ్చయిపోయింది. న్యూ ఫైరెక్సియానే వచ్చింది. 'మేం గోల చేశాం కాబట్టి వచ్చే సెట్‌లో కథ మార్చారు' అనే థియరీ కనిపిస్తే చదవకుండా దాటెయ్యండి.

ఈ మూడూ దాటి కుడి గడిలో మిగిలేవి సెట్‌కి నాలుగో ఐదో ఉంటాయి. పదిహేను మిగిలాయంటే మీరు ఎడమవైపు మొహమాటపడ్డారన్నమాట. మళ్ళీ మొదలుపెట్టండి.

నాలుగు: ఒక్క వాక్యంలో రాయండి, ఎలా తప్పవుతుందో కూడా

'ఏదో పెద్దది జరగబోతోంది' అనేది ఊహ కాదు, పంచాంగం. ఎవరు, ఏం చేస్తారు, ఏ సెట్ లోపల అనేవి ఉండాలి. కింద ఇంకో వాక్యం: 'ఫలానా కార్డు కనిపిస్తే నేను తప్పు'. గ్రిసెల్‌బ్రాండ్ పేజీలో ఈ రెండో వాక్యం రాసి ఉంటే, వాడు 2012లోనే చచ్చాడని రాస్తూ రాస్తూనే గుర్తొచ్చేది, బిర్యానీ డబ్బులు మిగిలేవి.

కొత్త కార్డులు చూపించే ప్రివ్యూలకి ముందు ఆట హెడ్ డిజైనర్ మార్క్ రోజ్‌వాటర్ కొన్ని పొడుపుకథల్లాంటి సూచనలు ఇస్తుంటారు. మీ వాక్యం రాశాకే అవి చదవండి. ముందు చదివితే మీ ఊహ ఆయన మాటల చుట్టూ అల్లుకుంటుంది.

ఐదు: ఎర్ర పెన్ను

కథ పూర్తిగా వచ్చాక నోటుబుక్కు తెరిచి, ఒప్పుకి టిక్కు, తప్పుకి అడ్డగీత. పేజీలు చింపకూడదు. నిజమైనవాటి పక్కన అది ఏ కార్డు వల్ల తట్టిందో రాసుకోండి. నావి లెక్కేస్తే ఎక్కువ శాతం 'కార్డు చేసే పని' దగ్గరే తట్టాయి, బొమ్మ వల్ల తట్టినవి రెండే. ఆ రెండిట్లో ఒకటి బోలాస్ కొమ్ములు.