నాన్న కంప్యూటర్‌లోకి దూరే ముందు

నవంబర్ వస్తోంది. నాన్న రైల్వేలో రిటైరయ్యారు, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల. ఆయన కాజీపేటలో, నేను పుణేలో. "ఒరే, స్క్రీన్ మీద ఏదో వచ్చింది, నొక్కమంటావా?" అని ఫోన్ రావడం ఖాయం. దూరం నుంచే వాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లి సాయం చేసే కథ మీదీ అయితే దసరాకి ఊరెళ్లినప్పుడే కొన్ని పనులు చూసుకుని రండి.

నిరుడు ‘బ్యాంకు నుంచి’ అంటూ ఎవడో ఫోన్ చేసి దూరం నుంచే మన స్క్రీన్ చూసి నడిపే యాప్ ఒకటి నాన్న చేత వేయించాడు. అందులో వచ్చిన తొమ్మిది అంకెల కోడ్‌లో ఆరు చదివేశాక అమ్మ ఫోన్ లాక్కుంది. "మనవాడూ ఇలాగే అడుగుతాడు కదే" అన్నారట. ఆ అలవాటు చేసింది నేనే మరి. ఎనీడెస్క్ అనే అలాంటి యాప్‌తో ఇలా డబ్బు కాజేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. యాప్ తప్పేం లేదు, తాళం ఎవరి చేతికిస్తున్నామన్నదే గొడవ.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు ఒకటే రూలు. వచ్చిన ఫోన్ మీద ఏ కోడూ చెప్పకూడదు, కొట్టకూడదు. నేను చేసినా సరే, పెట్టేసి నా నంబర్‌కి ఆయనే మళ్లీ చేయాలి. గొంతు నాదే అనిపించినా అంతే.

దూరం నుంచి సాయం చేయడానికి విండోస్‌లో ఉండే క్విక్ అసిస్ట్ అనే ప్రోగ్రామ్ చాలు. కోడ్ మన దగ్గర పుడుతుంది, పది నిమిషాలే పనిచేస్తుంది. ఎప్పుడంటే అప్పుడు దూరిపోయేలా పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టకండి. మనకి సుఖమే, అది బయటికి పొక్కితే మాత్రం వీధి తలుపు తీసిపెట్టినట్టే.

నాన్న రోజూ వాడే అకౌంట్‌కి అడ్మిన్ హక్కులు (కొత్త ప్రోగ్రామ్‌లు వేసే, సెట్టింగ్‌లు మార్చే అధికారం) తీసేశాను. దీంతో ఒక చిక్కుంది. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే అనుమతి అడిగే పెట్టె వస్తుంది, అప్పుడు మన వైపు స్క్రీన్ నల్లబడిపోతుంది. నెట్ పోయిందనుకుని టెన్షన్‌తో పెద్దవాళ్ల మీద అరవకండి (నేను అరిచాను). అక్కడ ఏం కనిపిస్తోందో నిదానంగా చదవమనండి.

స్క్రీన్ మన చేతిలో ఉన్నంతసేపూ బ్యాంకు సైట్ తెరవొద్దు, వాట్సాప్ వెబ్ మూసేయాలి. పని అయ్యాక షేరింగ్ ఆగిందో లేదో వాళ్ల చేతే చూపించుకోండి. ఇంకా విండోస్ 10 ఉంటే మార్చే ఆలోచన చేయండి, 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ ముగిసింది.

డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మానిటర్ అంచున తెల్ల ప్లాస్టర్ మీద ఆ నంబర్, కింద నాది రాసి అంటించాను. అమ్మ దాని కిందే పాలబ్బాయి నంబరూ రాసుకుంది.