జావా పల్లెలో కాపురం పెడుతున్నారా? ముందు పాక్ ఎర్తే ఇంటికి వెళ్ళండి

ఇండోనేషియాలోని జావా దీవిలో సోలో, యోగ్యకర్త నగరాల చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో ఉద్యోగాలకనో, ఇక్కడి వాళ్ళను పెళ్ళి చేసుకునో వచ్చిన మనవాళ్ళలో కొందరు టౌన్లో కాకుండా పల్లెలోనే ఉంటామంటున్నారు. మంచి ఆలోచనే. నేనుండేది క్లాతెన్ జిల్లాలో, మా ఆవిడ పుట్టిన ఊళ్ళో. చుట్టూ వరి చేలు, కాలువలు, కొబ్బరి చెట్లు, తెల్లారి మబ్బు లేకపోతే మెరాపి అగ్నిపర్వతం. కోనసీమ నుంచి వచ్చినవాళ్ళకు మొదటి రోజే సొంత ఊరనిపిస్తుంది, దాంతో అన్నీ మనకు తెలిసినవే అనుకుని కొన్ని ముఖ్యమైన పనులు వదిలేస్తారు. వాటి గురించే ఇదంతా.

సామాను దింపిన రోజే పాక్ ఎర్తేని కలవండి. ఎర్తే అంటే కొన్ని పదుల ఇళ్ళకు కలిపి ఉండే ఇరుగుపొరుగు సంఘం, దానికి ఇంటివాళ్ళే ఎన్నుకున్న పెద్దాయన పాక్ ఎర్తే. అలాంటి సంఘాలు కొన్ని కలిస్తే ఎర్వే, ఆ పైన ఊరి పెద్ద. కొత్తవాళ్ళెవరు వచ్చినా 24 గంటల్లోగా చెప్పాలని చాలా ఊళ్ళలో వీధి మొదట్లోనే బోర్డు ఉంటుంది. పాస్‌పోర్ట్, కీతాస్ అనే నివాస కార్డు జిరాక్స్ కాపీలు, ఒక టీ పొట్లం, కిలో చక్కెర పట్టుకుని సాయంత్రం నమాజు అయ్యాక వెళ్ళండి. తలుపు కొట్టి లోపలికి తొంగి చూడొద్దు, గుమ్మం బయట నిలబడి "కులొ నువున్" అనండి, లోపలినుంచి "మొంగ్గొ" అని వినిపిస్తేనే అడుగు పెట్టండి. మూడుసార్లు పిలిచినా పలకకపోతే వెనక్కి వచ్చేయడమే మర్యాద. ఇమిగ్రేషన్ రిజిస్ట్రేషన్, జిల్లా జనాభా ఆఫీసు కాగితాలు వేరే పనులు, వాటిని ఎలాగూ తప్పించుకోలేరు. కానీ రాత్రి పూట మీకు కడుపునొప్పి వస్తే కారు మాట్లాడి పెట్టేది పాక్ ఎర్తేయే.

రాత్రి కాపలాను ఇక్కడ రోండా అంటారు. మగవాళ్ళు వంతుల ప్రకారం వీధి మూల గుడిసెలో కూర్చుంటారు, మధ్యలో ఊరంతా ఒక చుట్టు తిరుగుతారు. ప్రతి ఇంటి ముందు గోడకు ఒక చిన్న ప్లాస్టిక్ గ్లాసో డబ్బానో వేలాడుతూ ఉంటుంది. అందులో ఇంటివాళ్ళు పొద్దుపోయేలోగా ఒక 500 రూపాయల నాణెమో (మన లెక్కలో మూడు రూపాయలు కూడా కాదు), కొన్ని ఊళ్ళలో గుప్పెడు బియ్యమో వేస్తారు. దీని పేరు జింపితన్. తిరిగేవాళ్ళు అర్ధరాత్రి టార్చి వేసి గ్లాసులన్నీ వంచుకుని, ఎవరు వేశారో పుస్తకంలో టిక్కు పెట్టుకుంటారు. ఆ డబ్బు వీధి దీపాలకు, రోగులను చూడటానికి వెళ్ళేటప్పుడు ఖర్చులకు వాడతారు. నాకు మొదట్లో ఈ సంగతి తెలియక రెండు వారాలు గ్లాసు ఖాళీగా ఉండిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, చివరికి పక్కింటి పెద్దమ్మ మా గ్లాసులో కూడా తనే నాణెం వేస్తోందని మా ఆవిడ కనిపెట్టింది. జావా మనుషులు మొహం మీద అడగరు, అందుకే మీరే అడిగి తెలుసుకోవాలి. మగవాళ్ళయితే రోండా వంతు కూడా అడిగి తీసుకోండి. నాలుగు రాత్రులు వాళ్ళతో కాఫీ తాగితే ఊళ్ళో మీరిక తెలియని మొహం కారు, మీ ఇంటి మీద ఊరందరి కన్నూ ఉంటుంది.

దొంగతనాలు లేవని చెప్పను. ఎక్కువగా పోయేవి మోటార్‌సైకిళ్ళు, కోళ్ళు. బండిని రాత్రి ఇంట్లోపల పెట్టుకోండి, చాలామంది ముందు గదిలోనే పెడతారు. బండి సొంతదారు పుస్తకాన్ని, అంటే బేపేకాబేని, బండి సీటు కింద ఎప్పుడూ దాచొద్దు. "మాలింగ్" అంటే దొంగ. ఆ కేక వినిపించి జనం ఎవరినైనా పట్టుకుంటే మీరు చెయ్యి ఎత్తొద్దు. కోపంలో కొట్టి చంపేసిన సంఘటనలు జావాలో చాలా జరిగాయి, అందులో దొంగ కానివాళ్ళూ ఉన్నారు. పాక్ ఎర్తేకో, పోలీసుల నంబర్ 110కో ఫోన్ చేయండి.

పెళ్ళిళ్ళు, చావుల దగ్గర మనకూ వాళ్ళకూ పెద్ద తేడా లేదు. మన చదివింపుల్లాగే ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసుకుని, మీ ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు అంతకు తక్కువ కాకుండా తిరిగి ఇస్తారు. ఆడవాళ్ళు ముందు రోజే వెళ్ళి వంటకు సాయం చేస్తారు, దాన్ని రేవాంగ్ అంటారు. భాష రాకపోయినా ఉల్లిపాయలు ఒలుస్తూ కూర్చోండి, చాలు. మసీదు మైకులో చావు కబురు వినిపిస్తే మాత్రం పిలుపు కోసం ఎదురుచూడొద్దు, వెంటనే వెళ్ళాలి. చాలా ఎర్తేల మీటింగు 35 రోజులకొకసారి జరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ ఏడు రోజుల వారంతో పాటు లెగి, పహింగ్, పొన్, వగె, క్లివొన్ అని ఐదు రోజుల వారం కూడా నడుస్తుంది, రెండూ కలిసి తిరిగి అదే జోడీ రావడానికి 35 రోజులు పడుతుంది. పాత సంతలు కూడా చాలా చోట్ల ఈ ఐదు రోజుల లెక్కలోనే జరుగుతాయి, కాబట్టి ఆ పేర్లున్న క్యాలెండర్ ఒకటి కొనుక్కోండి.

ఇక భూమి. మనవాళ్ళు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. 1960 నాటి భూమి చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. విదేశీయులు ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, లేదా హక్ పకాయ్ అనే వాడుక హక్కు కింద పొందవచ్చు. దాని గడువు 2021 నిబంధనల ప్రకారం ముందు 30 ఏళ్ళు, పొడిగింపు 20, తర్వాత మరో 30. ఎవరైనా స్థానికుడి పేరు మీద కొని లోపాయికారీగా వేరే అగ్రిమెంట్ రాసుకుందామని చెప్పేవాళ్ళు తప్పకుండా మీ దగ్గరకు వస్తారు. ఒప్పుకోవద్దు. చట్టం అలాంటి ఒప్పందాన్ని చెల్లదంటుంది, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు.

భార్య లేదా భర్త ఇక్కడివాళ్ళయినా చిక్కు ఉంది. పెళ్ళయ్యాక కొన్నది ఉమ్మడి ఆస్తి, అంటే విదేశీయుడికీ అందులో భాగం ఉన్నట్టు లెక్క, దాంతో ఇక్కడి పౌరురాలైన భార్య హక్కే ఇబ్బందిలో పడుతుంది. ఆస్తులు వేరువేరని నోటరీ దగ్గర ఒప్పందం రాసుకుంటే ఈ గొడవ ఉండదు. ఒకప్పుడు అది పెళ్ళికి ముందే రాయాలి, 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తర్వాత పెళ్ళయ్యాక కూడా రాసుకోవచ్చు. వారసత్వంగా విదేశీయుడికి హక్ మిలిక్ భూమి వస్తే ఏడాదిలోగా వదులుకోవాలి.

లెతర్ సే, గిరిక్ అని పాత కాగితాలు చూపిస్తారు. అవి ఊరి శిస్తు లెక్కలు, అంతే, వాటిని పట్టా అనుకోవద్దు. సర్టిఫికెట్ ఉందా, అది జిల్లా భూమి ఆఫీసు రికార్డుతో సరిపోతుందా అని చూసుకుని, పేపేఆతే అనే అధీకృత డీడ్ రాసే అధికారి దగ్గరే సంతకాలు పెట్టించండి. పంచుకోని తండ్రి ఆస్తి అయితే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ సంతకం పెట్టాలి. మా ఆవిడ పెరటి వెనక ఆరు సెంట్లు కొన్నప్పుడు సుమత్రాలో ఉన్న ఒక అన్నగారి సంతకం లేకుండా అడ్వాన్స్ ఇచ్చేశాం, ఆయన వచ్చేదాకా పద్నాలుగు నెలలు టెన్షన్ పడ్డాం. పొలం విషయంలో ఇంకో నియమం, యజమాని అదే మండలంలోనో ఆనుకుని ఉన్న మండలంలోనో ఉండాలి, జకార్తాలో కూర్చుని ఇక్కడ పొలం కొనడానికి వీల్లేదు. ఇంట్లోవాళ్ళ పొలం ఉంటే పాలుకు ఇవ్వడం మామూలు. సగం పాలును మారొ అంటారు. నీళ్ళ వంతు చూసే ఉలు-ఉలు మన నీరటి లాంటివాడు, ఆయనతో ఎప్పుడూ గొడవ పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా నాకు భయం వేసే సంగతి ఇప్పుడు చెప్తాను. రాత్రి పూట పొలం గట్ల మీద నడవొద్దు. ఎలుకల కోసం మడి చుట్టూ మోకాలి కిందకి వెదురు పుల్లలు పాతి, సన్నటి ఇనుప తీగ లాగి, ఇంటి కరెంటు, అంటే 220 వోల్టులు, నేరుగా ఇస్తారు. సోలోకు అవతల ఉన్న స్రాగెన్ జిల్లాలో, ఇంకాస్త తూర్పున ఙావిలో ఇలా ఎంతోమంది పోయారు, చాలాసార్లు తీగ కట్టుకున్న రైతే. తెలంగాణలో అడవి పందుల కోసం పెట్టిన తీగలకు మనుషులు పోయినట్టే. ఇది నిషేధమే, అయినా కడతారు. పొలంలో బల్బు ఒకటి వెలుగుతోందంటే అక్కడ కరెంటు ఉందని గుర్తు చాలా చోట్ల, కానీ బల్బు లేనంత మాత్రాన నమ్మొద్దు. పిల్లలకు పగలే చూపించి చెప్పండి. మీ పొలమైతే డెమాక్ జిల్లా త్లొగొవెరు ఊళ్ళో చేసినట్టు గుడ్లగూబలకు గూళ్ళు కట్టించమని పెద్దలను అడగండి.

వానాకాలంలో కట్లపాము ఇంట్లోకి వస్తుంది, ఇక్కడ వెలింగ్ అంటారు. కరిచినా నొప్పి పెద్దగా తెలియదు, అందుకే నేల మీద పడుకోవద్దు, దోమతెర పరుపు కిందకి దోపుకోండి. అనుమానం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి.

అద్దెకు ఇల్లు చూసేటప్పుడు గోడ మూలల్లో కాంక్రీటు స్తంభాలు, పైన చుట్టూ బీము ఉన్నాయా అని చూడండి. 2006 మే 27న తెల్లవారుజామున 5:53కి వచ్చిన భూకంపంలో యోగ్యకర్త, క్లాతెన్‌లలో 5,700 మందికి పైగా పోయారు, చాలామంది అవి లేని ఇటుక గోడల కిందే. మెరాపికి నాలుగు స్థాయిలు: నొర్మల్, వస్పద, సియగ, అవస్. అవస్ అంటే ఖాళీ చేయమన్నట్టే. కొండ మీద పెద్ద వాన పడుతున్నప్పుడు కింద ఎండ కాస్తున్నా ఇసుక వాగుల్లోకి దిగొద్దు, బూడిద, రాళ్ళు కలిసిన వరద ఒక్కసారిగా వస్తుంది.

కాపలా గుడిసెలో వేలాడే చెక్క గంట పేరు కెంతొంగన్. ఆగకుండా గబగబా కొడితే తితిర్, ప్రమాదం అని అర్థం. అంతా క్షేమం అన్నప్పటి మోత వేరు. దొంగకు, మంటకు, వరదకు ఎన్ని దెబ్బలన్నది ఊరిని బట్టి మారుతుంది, కాబట్టి మొదటి వారంలోనే పాక్ ఎర్తే చేత కొట్టించి విని, కాగితం మీద తెలుగులో రాసి వంటింటి తలుపుకు అంటించుకోండి.