బయోపెల్లెట్లు వేసే ముందు జాగ్రత్తలు

ఉప్పునీటి అక్వేరియంలో నైట్రేట్ తగ్గించడానికి బ్యాక్టీరియాకు మేతగా పనిచేసే ఈ గుళికలు వేసే ముందు:

• నైట్రేట్‌తో పాటు ఫాస్ఫేట్ కూడా కొలవండి. అది సున్నా అయితే బ్యాక్టీరియా పెరగదు, నైట్రేట్ దిగదు.

• ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో నీటిలోని మలినాలను తీసే పరికరం) లేకుండా మొదలుపెట్టవద్దు. రియాక్టర్ (గుళికలు ఉంచి నీరు పారించే పాత్ర) నుంచి వచ్చే నీరు స్కిమ్మర్ పంపు పక్కనే పడాలి. పెరిగిన బ్యాక్టీరియాను బయటికి తీసేది స్కిమ్మరే.

• సంచిపై రాసిన మోతాదులో పావు వంతే వేసి, వారాల మీద పెంచండి. ఒకేసారి కుమ్మరిస్తే నీరు పాలలా తెల్లబడి ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

• గుళికలు నిరంతరం కదలాలి. కరెంటు పోయి గంటలకొద్దీ ప్రవాహం ఆగితే, రియాక్టర్‌లో నిలిచిన నీరు పారబోశాకే నడపండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు విషం.

• పగడాలుంటే ఆల్కలినిటీ (నీటి క్షారత) 7–8 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర నిలకడగా ఉంచండి.